రెండు రాత్రులు, ఒక రైలు చుట్టు

పిల్లలతో ఊరెళ్దామనుకుంటే మా ఇంట్లో ముందు మొదలయ్యేది తగువే. పదో తరగతి చదివే మా అమ్మాయికి గుళ్లు వద్దు, ఎత్తైన కొండ కావాలి. ఇంటర్ రెండో ఏడాదిలో ఉన్న మా బావగారబ్బాయిని పొద్దున్నే లేపకపోతే చాలు, ఎక్కడికైనా వస్తాడు. ఎనిమిదేళ్ల చిన్నోడికి రైలు కావాలి. మా అత్తగారికి అమ్మవారి దర్శనం కావాలి. దసరా సెలవుల్లో మా వారికి, నాకు కలిసొచ్చేవి రెండు రాత్రులు.

మ్యాపు తీసి పిల్లల ముందే పరిచాం. చిన్నోడు విజయనగరం మీద వేలు పెట్టి పైకి జరుపుతున్నాడు. బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ. అక్కడ పట్టాలు రెండుగా చీలే చోట వేలు ఎడమకు తిప్పాడు. టికిరి, లక్ష్మీపూర్, దామన్‌జోడి, కోరాపుట్. అక్కణ్నించి మళ్లీ కిందికి జారాడు. అరకు, బొర్రా, కొత్తవలస.

"అమ్మా, ఇది చుట్టు! వెళ్లిన దారిలో మళ్లీ రానక్కర్లేదు!"

అంతటితో తగువు సగం తీరిపోయింది. మిగిలిన సగం పంపకాలతో తీరింది. తలా ఒక పూట. మొదటి రోజు పగలు మామ్మది, రాయగడలో. రైళ్లన్నీ చిన్నోడివి. రెండో రోజు సాయంత్రం సంత, మూడో రోజు తెల్లవారుజామున కొండ పెద్ద పిల్లలవి. ఎవరి పూటకు బండి, తిండి, టైము వాళ్లే చూసుకోవాలి. డబ్బులు మాత్రం మేమిస్తాం. పెద్దవాళ్లం చేసిన పని ఒక్కటే, చూడాల్సినవాటి జాబితాలోంచి కొట్టేయడం. దుదుమ జలపాతం, గుప్తేశ్వర్ గుహ, జయపురం కోట కొట్టేశాం. అన్నీ చూడదగ్గవే. కానీ రెండు రాత్రుల్లో అవన్నీ ఇరికిస్తే పిల్లలకు గుర్తుండేది జీపు సీటే.

గురువారం పొద్దుటి రైలు పార్వతీపురం దాటింది. కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరికొస్తున్నాయి. చూస్తుండగానే స్టేషన్ బోర్డుల మీద తెలుగు పోయి గుండ్రటి ఒడియా అక్షరాలు వచ్చాయి, బోగీలో మాటలు మాత్రం మారలేదు. ఎదురు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు చీరల బేరం గురించి అచ్చంగా మన పార్వతీపురం యాసలోనే మాట్లాడుకుంటున్నారు. రాయగడలో దిగి మెట్లు దిగుతుంటే ఆటో అతను అత్తయ్య చేతిసంచి చూసి ముందుకొచ్చాడు.

"మజ్జిగౌరమ్మ గుడికేనా అమ్మా? రండి, ఎక్కండి."

"ఏ ఊరు బాబూ మీది?" అంటోంది అత్తయ్య, ఆటోలో సర్దుకుంటూ.

"ఇక్కడే పుట్టానమ్మా. మా తాతది పాలకొండ."

ఈ ఒక్క మాటతో అత్తయ్యకు రాయగడ పరాయి ఊరు కాకుండా పోయింది. నిజానికి ఎప్పుడూ కాదు కూడా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో భాగం. రాయగడ విడిగా జిల్లా అయింది 1992లో. అంతకుముందు ఇదీ కోరాపుట్ జిల్లాయే.

గుళ్లో అమ్మవారికి ముఖం ఒక్కటే. పసుపు, కుంకుమ నిండా పట్టించిన ముఖం, పెద్ద కళ్లు. చిన్నోడు నా కొంగు పట్టుకుని కాస్త వెనక్కి నిలబడ్డాడు. అత్తయ్య వాడి భుజం మీద చెయ్యి వేసి, ఇక్కడివాళ్లు చెప్పుకునే కథ మెల్లగా చెబుతోంది. రైలు వంతెన కడుతుంటే కట్టింది కట్టినట్టు కూలిపోయేదట. అమ్మవారు వంతెన కట్టించే ఆయన కల్లోకొచ్చి నాకు గుడి కట్టించు, నీ వంతెన నిలుస్తుంది అందట. గుడి లేచింది, వంతెన నిలిచింది. విజయనగరం నుంచి రాయపూర్ దాకా రైలు మార్గం పూర్తయింది 1931లో. "అంటే మనం వచ్చిన రైలా మామ్మా?" అని వాడు కళ్లు పెద్దవి చేశాడు. గుడి అంటే మొహం తిప్పుకునే మా అమ్మాయి కూడా ఈ మాటకు ఇటు తిరిగింది. పిల్లలకు గుడి చూపించాలంటే దాని కథ వాళ్లు ఎక్కొచ్చిన బండితో ముడిపడాలి.

మధ్యాహ్నం అన్నం తిని గంటసేపు పడుకున్నాం. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ప్రయాణంలో ఈ గంటను ఎవరూ లాక్కోకూడదు.

నాలుగు దాటాక చెకాగుడ వేలాడే వంతెన మీద ఉన్నాం. కింద నాగావళి, వానలు వెళ్లిన కొత్త కాబట్టి ఎర్రగా, నిండుగా ఉంది. అడుగు వేస్తే వంతెన ఊగుతోంది. అవతలి నుంచి ఒకాయన సైకిలు నడిపించుకుంటూ వస్తుంటే ఆ కదలిక ముందు కాళ్లకు తెలుస్తోంది, మనిషి దగ్గరికొచ్చేది తర్వాత. మా అమ్మాయి ఇనుప తాడు మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. సైకిలు పక్కనుంచి వెళ్లేటప్పుడు తాడులో పుట్టిన వణుకు అరచేతిలో తగ్గిపోయేదాకా చెయ్యి తీయలేదు. "నువ్వూ పెట్టు," అని తమ్ముడి చెయ్యి కూడా లాగి ఆనించింది.

"ఈ నీళ్లెక్కడికెళ్తాయి?" అని వాడి ప్రశ్న.

జవాబు అత్తయ్య దగ్గరుంది. ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం. కలహండి కొండల్లో పుట్టిన నాగావళి ఇలా రాయగడ పక్కనుంచి దిగి, తోటపల్లి మీదుగా శ్రీకాకుళం ఊరి మధ్య నుంచి పోయి సముద్రంలో కలుస్తుంది. "నేను చిన్నప్పుడు మునిగింది ఈ నీళ్లలోనే," అంటూ ఆవిడ కమ్మీ పట్టుకుని కిందికి చూస్తోంది. ఊరికి దగ్గరలోనే హాతీపథర్ ఉంది. ఏనుగుల్లాంటి బండల మధ్య నుంచి ఇదే నది దూకుతుంది. పిల్లల్ని తీసుకెళ్లండి, గట్టు మీంచి చూపించండి, నీళ్లలోకి మాత్రం దిగనివ్వకండి. ఆ రాళ్లు నాచు పట్టి ఉంటాయి. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ నీరు చెప్పకుండా పెరుగుతుంది.

చీకటి పడేవేళ బజార్లో గుప్‌చుప్ బండి దగ్గర చేరాం. మన పానీపూరీయే, చింతపండు పులుపు కాస్త ఎక్కువ. పక్క బండిలో దహీబరా ఆలూదమ్. పల్చటి పెరుగులో నానిన వడ మీద బంగాళాదుంపల కూర వేసి, పైన ఉల్లిపాయ, కారప్పూస చల్లి ఇస్తున్నారు. ఇంట్లో పెరుగు ముట్టని మా బావగారబ్బాయి రెండో ప్లేటు అడుగుతున్నాడు.

లాడ్జిలో పడుకోబోయే ముందు మా అమ్మాయి ఫోన్లో చదివింది చదివినట్టు చెబుతోంది. బుధవారాల్లో చాటికొనలో సంత జరుగుతుంది, నియమగిరి కొండల మీద నుంచి డోంగ్రియా కోందు ఆదివాసీలు దిగి వస్తారు. మేమొచ్చింది గురువారం. ఆ బాధలోంచే నియమగిరి మాట వచ్చింది. అక్కడ బాక్సైట్ తవ్వాలా వద్దా తేల్చాల్సింది గ్రామసభలేనని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్‌లో తీర్పిచ్చింది. రాయగడ, కలహండి జిల్లాల్లో పన్నెండు ఊళ్లలో సభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. "అందరూనా? ఒక్క ఊరు కూడా ఒప్పుకోలేదా?" అని మా బావగారబ్బాయి మంచం మీద లేచి కూర్చున్నాడు. పదిహేను, పదిహేడేళ్ల పిల్లలతో వెళ్లేటప్పుడు ఇలాంటి సంగతులు దాచిపెట్టి ఒట్టి అందాలే చూపిస్తే వాళ్లను తక్కువ చేసినట్టే. వాళ్లకు న్యాయం, అన్యాయం అంటే మనకన్నా పట్టింపు ఎక్కువ.

శుక్రవారం. ఇంకా చీకటిగానే ఉంది. ప్లాట్‌ఫారం మీద అత్తయ్య శాలువా చిన్నోడి చుట్టూ ఉంది, వాడి చేతిలో నోటుబుక్కు, పెన్సిలు. భువనేశ్వర్ వైపు నుంచి రాత్రంతా నడిచి వచ్చిన బండి ఆగింది. రాయగడ నుంచి కోరాపుట్ సుమారు 165 కిలోమీటర్లు. ఈ లైను పూర్తయింది 1998 చివర్లో. అంతకుముందు ఈ కొండలు దాటాలంటే ఘాట్ రోడ్డే గతి. కడుపులో తిప్పే పిల్లలున్నవాళ్లకు రైలు ఎంత మేలో వేరే చెప్పక్కర్లేదు.

టికిరి దాటాక అసలు దారి మొదలైంది. ఒక్కసారిగా బోగీ చీకటైపోయి చెవులు గింగురుమన్నాయి, అంతలోనే వెలుగు. చిన్నోడు ఒక గీత గీశాడు. మళ్లీ చీకటి, మళ్లీ గీత. సొరంగం బయటికొస్తే కింద లోయ, లోయలో మడులుమడులుగా వరి, మడుల మధ్య మనిషంత ఎత్తు కూడా కనిపించని మనుషులు. ఒక వంపులో మా ఇంజన్ మాకే కనిపించింది, ముందు వంతెన మీద. వాడు గీయడం మానేసి కిటికీ కమ్మీకి నుదురు ఆనించాడు. "పద, గియ్యి, ఇంకోటొచ్చింది," అని అక్క గుర్తు చేస్తోంది. పొద్దున్నే లేపారని సణిగిన మా బావగారబ్బాయి తలుపు దగ్గరికి వెళ్లబోతే మా వారు కసిరి వెనక్కి తెచ్చారు. ఈ లైన్లో తలుపు దగ్గర ఎవర్నీ నిలబడనివ్వకండి.

దామన్‌జోడి దగ్గరకొచ్చేసరికి దృశ్యం మారిపోయింది. పచ్చటి కొండల మధ్య పొగ గొట్టాలు, గోదాములు. నాల్కో అల్యూమినా కర్మాగారం ఇది. బాక్సైట్ పంచపత్‌మాలి కొండ మీద దొరుకుతుంది. అక్కడి నుంచి 14.6 కిలోమీటర్ల పొడవున్న కన్వేయర్ బెల్టు మీద కిందికి దిగుతుంది. ఇక్కడ తయారైన అల్యూమినా రైలెక్కి విశాఖ రేవుకు చేరుతుంది. "ఇది బేయర్ పద్ధతి కదా పిన్నీ! నిన్నటిదాకా బట్టీ పట్టాను," అంటూ మా బావగారబ్బాయి చెల్లెలికి కాస్టిక్ సోడా నుంచి ఎర్రమట్టి దాకా వరసగా చెబుతున్నాడు. రాత్రి విన్న నియమగిరి ఒకటి, పొద్దున చూస్తున్న దామన్‌జోడి ఒకటి. మా అమ్మాయి రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు.

కోరాపుట్ ఉన్నది 870 మీటర్ల ఎత్తున. దిగగానే గాలి తేడా తెలిసింది. బసలో సామాను పడేసి, అన్నం తిని, మా అమ్మాయి మాట్లాడి పెట్టిన బొలెరోలో కుందులి సంతకు బయలుదేరాం. శుక్రవారం సంత అది. ఆ సంత కోసమే మా ప్రయాణం గురువారం మొదలైంది.

బండి దిగగానే అల్లం వాసన. మట్టి వదలని అల్లం గుట్టలు గుట్టలుగా పోసి ఉంది. అడ్డాకుల కట్టలు, ఎండు చేపలు, చీపుళ్లు, చోళ్లు, సామలు. ఒక ఆనపకాయ బుర్రలోంచి ఒక ముసలమ్మ చోడి అంబలి ఆకు దొన్నెలోకి వంచుకుని తాగుతోంది. వాళ్లు దీన్ని మాండియా పేజ్ అంటారు. "మనింట్లో అంబలే!" అని అత్తయ్య పక్కన చతికిలబడి తనకూ ఒక దొన్నె పోయించుకుంది. ఒకరిది దేశియా భాష, ఒకరిది మా తెలుగు. కూర్చున్నంతసేపూ ఇద్దరూ ఏదో చెప్పుకుంటూనే ఉన్నారు. చిన్నోడు ఒక బుట్ట ముందు ఆగి జీలకర్ర అన్నాడు. జీలకర్ర కాదు, కాలాజీరా వడ్లు. పొట్టు నల్లగా, గింజ సన్నగా ఉంటుంది. కోరాపుట్ కాలాజీరా బియ్యానికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ జిల్లాలోనే కమలా పూజారి అనే ఆదివాసీ మహిళ అంతరించిపోతున్న నాటు వరి విత్తనాలను ఊరూరా సేకరించి కాపాడింది. 2019లో ఆవిడకు పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూసింది. వాడి అరచేతిలో నాలుగు వడ్లు పోసి ఈ కథ చెప్పాను. బడిలో ఇచ్చే ఏ ప్రాజెక్టు పనికన్నా వాడికి ఇది గట్టిగా నాటుకుంది.

ఇక మా అమ్మాయి. ముక్కుకు మూడు ముక్కెరలు, మెడ నిండా పూసలు ఉన్న ఒక ఆవిడ అల్లం రాశి ముందు కూర్చుంది. అమ్మాయి ఫోన్ పైకెత్తబోయి ఆగింది. ఫోన్ చూపించి, వేలితో ఆవిణ్ని చూపించి, తల ఊపి అడిగింది. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది. వద్దు. అమ్మాయి ఫోన్ సంచిలో పెట్టేసి, కూర్చుని అల్లం ఏరడం మొదలుపెట్టింది. ఆవిడ కూడా ఏరి ఇస్తోంది. తూకం అయ్యాక ఇంకో పెద్ద కొమ్ము తీసి కొసరుగా సంచిలో వేసి నవ్వింది. ఆ ఫోటో మా దగ్గర లేదు. ఆ ముఖం మా అమ్మాయికి బాగా గుర్తుంది. సంతకొచ్చేవాళ్లు బేరానికొస్తారు, మన కెమెరాల కోసం కాదు. పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్లండి.

రాత్రి కోరాపుట్‌లో స్వెట్టర్లు బయటికొచ్చాయి. కాఫీ ఇక్కడి తోటలదే. తాగుతూ మా బావగారబ్బాయి ఆంధ్రా యూనివర్సిటీలో సీటు మాట ఎత్తాడు. "ఆ యూనివర్సిటీకి ఈ కొండల సొమ్ము చేరింది, తెలుసా?" అన్నారు మా వారు. ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న జయపురం సంస్థానాన్ని ఏలిన విక్రమదేవ వర్మ తెలుగులోనూ ఒడియాలోనూ రాసిన పండితుడు. ఆ యూనివర్సిటీకి పెద్ద దాత. అక్కడి సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

మూడో రోజు ఇల్లు రెండుగా విడిపోయింది. ఇది ముందే అనుకున్నది, అందరికీ సలహాగా చెప్పదగ్గదీ. చిన్నపిల్లలూ పెద్దపిల్లలూ ఉన్న ఇంట్లో ఒక పూట విడిపోవాలి. లేకపోతే ఒకరు ఈడ్చుకుంటూ, ఇంకొకరు విసుక్కుంటూ నడుస్తారు. మా వారు, అత్తయ్య, చిన్నోడు ఊళ్లోనే. నేను, పెద్ద పిల్లలిద్దరు దేవ్‌మాలి కొండకు.

చీకట్లో బండి సునాబెడ దాటింది. మిగ్ విమానాల ఇంజన్లు తయారు చేసే హెచ్‌ఏఎల్ కర్మాగారం ఉన్న ఊరు. సెమిలిగూడ దాటి పొట్టంగి వైపు మలుపు తిరిగాక దారి పైకి, ఇంకా పైకి. రోడ్డు శిఖరం దగ్గరిదాకా వెళ్తుంది. దిగి నడుస్తున్నాం. చెట్టు లేదు, మోకాళ్ల ఎత్తు గడ్డి. గడ్డి తడికి సల్వార్ అంచులు కాళ్లకు అతుక్కుంటున్నాయి. 1672 మీటర్లు, ఒడిశాలో ఇంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. కింద మబ్బు పరుచుకుని ఉంది, దాంట్లోంచి కొండల తలలు మాత్రం పైకి తేలి ఉన్నాయి. తూర్పున ఎర్రబడింది. మా అమ్మాయిని ఇంట్లో ఆరింటికి లేపాలంటే నాకు తలప్రాణం తోకకొస్తుంది. ఇప్పుడు అదే పిల్ల అందరికన్నా ముందు నడిచి, వెనక్కి తిరిగి, "పిన్నీకొడకా, తొందరగా రా!" అని అన్నను కేకేస్తోంది. వరస తప్పిన ఆ పిలుపుకి ముగ్గురం పడీపడీ నవ్వాం. వెంట తెచ్చిన అటుకులు, బెల్లం అక్కడే గడ్డిలో కూర్చుని తిన్నాం. చెత్త కవర్లు కిందికి తెచ్చే బాధ్యత మా బావగారబ్బాయి తీసుకున్నాడు. అంతకుముందు వచ్చినవాళ్లు పడేసిన సీసాలు కూడా కొన్ని ఏరాడు.

తిరిగొచ్చేసరికి చిన్నోడు గేటు దగ్గరే ఉన్నాడు. శబర శ్రీక్షేత్రం గుళ్లో జగన్నాథుణ్ని చూశాడు, పక్కనే ఉన్న గిరిజన మ్యూజియం కూడా చూశాడు. దేవుడి కన్నా మ్యూజియం గురించే ఎక్కువ చెబుతున్నాడు. విల్లు ఎంత పొడవో, డప్పు ఎంత పెద్దదో చేతులు చాచి చూపిస్తున్నాడు. అత్తయ్యకు గుడి, వాడికి విల్లు. ఇద్దరికీ తొందర లేని పొద్దు దొరికింది.

మధ్యాహ్నం కిరండూల్ వైపు నుంచి వచ్చిన బండిలో కిందికి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపేందుకు 1960ల్లో వేసిన లైను ఇది. కొత్తవలస, కిరండూల్ మధ్య మొత్తం 58 సొరంగాలు. అరకు దాటాక శిమిలిగుడ స్టేషన్ వచ్చింది. 996 మీటర్లు. ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో అన్నిటికన్నా ఎత్తైనదిగా దీనికి పేరు. చిన్నోడు బోర్డు మీది అంకె నోటుబుక్కులో రాసుకుంటున్నాడు. పొలాల్లో వలిసె అక్కడక్కడా పసుపు తిరుగుతోంది. నవంబరు దాటితే కొండవాలంతా అదే రంగు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో నాలుగు మాటలు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. వేసవిలోనైనా ఉదయం పూట పల్చటి స్వెట్టరు ఉంచుకోండి. దోమల మందు, ఒళ్లంతా కప్పే బట్టలు తప్పనిసరి, ఇది మలేరియా ఉన్న ప్రాంతం. సంత కావాలంటే వారం చూసుకుని బయలుదేరండి, చాటికొన బుధవారం, కుందులి శుక్రవారం. రైళ్ల టైములు మారుతుంటాయి, ముందురోజు సరిచూసుకోండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందు మాత్రమే తెరుస్తారు. దసరాకి వెళ్లాలంటే ఆగస్టులోనే క్యాలెండర్ ముందు పిల్లల్ని కూర్చోబెట్టండి.